ఆటోక్యాడ్ టూల్ ప్యాలెట్ రెండో సిస్టంలో కనిపిస్తున్నా బ్లాక్ రావట్లేదా?

ప్యాలెట్ బాగానే ఉంది, బ్లాక్ (మళ్లీ మళ్లీ వాడుకునే రెడీమేడ్ బొమ్మ) ఉన్న డ్రాయింగ్ దారే, అంటే పాతే, తప్పి ఉంటుంది. ప్యాలెట్‌లో బ్లాక్ ఉండదు, అది ఏ ఫైల్లో ఉందో ఆ అడ్రస్ మాత్రమే ఉంటుంది. మీరు ప్యాలెట్ తయారుచేసిన సిస్టంలో అది సీ డ్రైవ్ అయితే, మిగతా సిస్టంలకు ఆ ఫైల్ దొరకదు.

1. ముందు బ్లాక్‌ల డ్రాయింగ్‌ను సర్వర్ ఫోల్డర్‌లో పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్యాలెట్‌లో టూల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సోర్స్ ఫైల్. అక్కడ సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి పాత్ ఇవ్వండి. జెడ్ డ్రైవ్ అని ఇస్తే, అదే ఫోల్డర్ వేరే సిస్టంలో వై డ్రైవ్‌గా ఉన్నప్పుడు మళ్లీ ఇదే టెన్షన్.

టూల్స్ ఎక్కువుంటే ఒక్కొక్కటీ దిద్దకండి. డిజైన్ సెంటర్‌లో (వేరే డ్రాయింగ్‌లలోని బ్లాక్‌లను చూపే ఆటోక్యాడ్ విండో) సర్వర్ పాత్ నుంచే ఆ డ్రాయింగ్ తెరిచి బ్లాక్‌లను కొత్త ప్యాలెట్‌లోకి లాగండి, పాత్ సరిగ్గా పడుతుంది.

3. ప్యాలెట్ ఫోల్డర్‌నూ సర్వర్‌కు మార్చి, ప్రతి సిస్టంలో ఆప్షన్స్, ఫైల్స్ ట్యాబ్, టూల్ ప్యాలెట్స్ ఫైల్ లొకేషన్స్‌లో దాన్నే చూపించండి.

4. ప్యాలెట్‌ను ఎవరూ మార్చకుండా, ఆ ఫోల్డర్‌లోని ఏటీసీ ఫైళ్లను (ప్యాలెట్‌లు సేవ్ అయ్యే ఫైళ్లు) రీడ్ ఓన్లీ చేయండి. ప్యాలెట్ కింది మూలన తాళం గుర్తు వస్తే పని అయినట్టే.