తమ్ముడూ, ఇల్లు చూసేటప్పుడు పక్కింటివాళ్లనూ చూడు

"అన్నా, ఈ పరాయి దేశంలో మన తెలుగువాళ్లున్న వైపు అద్దెలు ఎక్కువ. దూరంగా ఒక స్టూడియో, అదే ఒంటిగది ఫ్లాటు, చవగ్గా దొరికింది. చుట్టుపక్కల మనవాళ్లెవరూ లేరు. తీసుకోనా?" అని అడిగావు.

అద్దె లెక్క నీకే బాగా తెలుసు. నేను ఇంకో సంగతి చెప్తాను. చుట్టూ ఉండే మనుషుల ప్రభావం మన మనసు మీద పడుతుంది. మామూలు దిగులుతోనే ఆగదు, ఒక్కోసారి సైకోసిస్ దాకా వెళ్తుంది. అంటే లేని గొంతులు వినిపించడం, అందరూ కలిసి తనకేదో చేస్తున్నారని గట్టిగా నమ్మడం.

అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన నార్వే వాళ్లలో స్కిజోఫ్రేనియా, అంటే ఇలాంటి సైకోసిస్ లక్షణాలుండే మానసిక జబ్బు, స్వదేశంలో ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపని 1932లోనే ఓడెగార్డ్ అనే డాక్టరు చూపించాడు. అసలు ఆ జబ్బు వచ్చే స్వభావం ఉన్నవాళ్లే వలస వెళ్తారేమో అనుకున్నారు అప్పట్లో. కానీ వలసదారులకు ఆ కొత్త దేశంలోనే పుట్టిన పిల్లల్లోనూ ముప్పు తగ్గలేదని తర్వాత తేలింది. దక్షిణ లండన్ మీద 2001లో వచ్చిన అధ్యయనమైతే ఇంకా సూటిగా చెప్పింది. తెల్లవాళ్లతో పోలిస్తే మిగతా జాతులవాళ్లలో ఈ జబ్బు, వాళ్ల జనం ఎక్కువున్న నగర వార్డుల్లో దాదాపు రెండున్నర రెట్లు. వాళ్లు అరుదుగా ఉన్న వార్డుల్లో నాలుగు రెట్లు దాటింది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలోనూ ఇదే తీరు కనిపించింది.

ఎందుకిలా? వివక్ష, ఒంటరితనం అంటారు పరిశోధకులు. నేను కళ్లారా చూసింది చెప్తాను. నేను వచ్చిన కొత్తలో నా రూమ్మేటు ఒకరోజు గోడలోని గాలి కన్నానికి టేపు అంటించాడు. పైఅంతస్తులో అడుగుల చప్పుడు తనకోసమే అన్నాడు. "వాళ్లకు నేను ఇక్కడుండటం ఇష్టం లేదు" అనేవాడు. నిజానికి లిఫ్టులో ఒకాయన అతన్ని చూసి ముఖం తిప్పుకోవడం నేనూ చూశాను. కొత్త చోట ఏ చూపుకి ఏమర్థమో మనకు తెలియదు. "అతను అందరితోనూ అంతేరా, నీ ఒక్కడితోనే కాదు" అని చెప్పే మనిషి పక్కనుంటే ఆ అనుమానం అక్కడే తేలిపోవచ్చు. మాకు అలాంటివాళ్లు లేరు. హోమ్‌సిక్ అనుకుని నేను నాలుగు నెలలు ఊరుకున్నాను. ఆ నాలుగు నెలలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

భయపడకు. మనవాళ్లు లేని చోట ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది రాదు, ఎక్కువమందికి అసలు రాదు. వంశంలో ఉండటం, గంజాయి లాంటివీ తోడవుతాయి. ముఖ్యంగా ఘాటైన గంజాయి రోజూ తాగేవాళ్లకు ముప్పు బాగా ఎక్కువ, దాని జోలికి వెళ్లొద్దు. నిద్ర చెడి, చదువో పనో వదిలేసి, తలుపేసుకుని, అందరినీ అనుమానిస్తున్న స్నేహితుడు కనిపిస్తే మాత్రం వారం కూడా ఆగకు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. వైద్యం ఎంత తొందరగా మొదలైతే కోలుకోవడం అంత తేలిక. ఇంగ్లండ్‌లో అయితే మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లకు రెండు వారాల్లో చికిత్స మొదలుపెట్టాలని ప్రత్యేక సేవలే ఉన్నాయి. అమెరికాలో అత్యవసరమైతే 988కి ఫోన్ చేయొచ్చు.

ఇక ఆ స్టూడియో సంగతి. సంతకం పెట్టేముందు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి అరగంట కూర్చో. మెట్ల మీద ఎదురైనవాళ్లు ఒకరినొకరు పలకరించుకుంటున్నారా, నిన్ను పలకరించారా చూడు. వాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. ఎవరూ తలెత్తి చూడకపోతే, నా మాట విని ఇంకాస్త అద్దె పెట్టి ఇటు వచ్చెయ్.