ఉచితంగా దొరికే మ్యాపుల మీద పనిచేస్తే జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది ఏలూరు. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ప్రిపేర్ అవ్వమంటే జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, స్థలాల సమాచారం మీద చేసే పని) వైపు వెళ్తానంటోంది. గవర్నమెంటు మ్యాపులు, మెట్రో, బస్సుల డేటా నెట్‌లో ఉచితంగా పెడుతున్నారట, వాటి మీద పని చేస్తుందట. ఊరికే దొరికేదాని మీద పనిచేస్తే జీతం ఎవరిస్తారని నా టెన్షన్. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెద్ద ఫీజు చెప్పి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి. ఇప్పుడే డబ్బు కట్టకండి. ఈ పనికి కావలసిన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, అది పూర్తిగా ఉచితం. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ (ఇస్రో సంస్థే) రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించడం), జీఐఎస్ మీద ఫీజు లేని ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. ఆ రెండింటితో ఒక సెమిస్టర్ గడిచాక కూడా అమ్మాయికి ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఫీజుల మాట ఆలోచించవచ్చు.

ఇక మీ అసలు అనుమానం. ఇసుక ఉచితమైతే మేస్త్రీకి పని తగ్గుతుందా? డేటా విషయమూ అంతే. 2021 ఫిబ్రవరి దాకా మన దేశంలో మ్యాపులు తయారుచేయాలన్నా, అమ్మాలన్నా అనుమతుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఆ నెల 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, భారతీయ సంస్థలకు ఆ ముందస్తు అనుమతులు తీసేసింది. రక్షణ సంబంధమైన కొన్ని ఆంక్షలు మాత్రం ఉన్నాయి. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం (మ్యాపులు, స్థలాల సమాచారం గురించినది) వచ్చింది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా కూడా 2017లో ‘నక్షే’ పోర్టల్‌తో మొదలుపెట్టి, తన ఓపెన్ సిరీస్ మ్యాపులను (మామూలు జనం వాడుకునేందుకు వేసినవి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. తలుపులు తెరిచాక లోపల పనిచేసేవాళ్లు కావాలి కదండీ. మన రాష్ట్రంలోనే ఊరూరా డ్రోన్లతో భూముల రీసర్వే జరుగుతోంది, చూస్తూనే ఉన్నారు.

అయితే అమ్మాయి ఒక తేడా తెలుసుకోవాలి. కంటికి కనబడే మ్యాపు వేరు, వాడుకోగలిగే డేటా వేరు. బస్టాండులో గోడ మీద టైంటేబుల్ ఉంటుంది, వెబ్‌సైట్‌లో దాని పీడీఎఫ్ కూడా ఉండవచ్చు. దాన్ని కంప్యూటర్ చదువుకుని ‘ఇక్కడి నుంచి అక్కడికి ఏ బస్సు ఎక్కాలి’ అని చెప్పలేదు. అందుకోసమే జీటీఎఫ్ఎస్ అనే పద్ధతి ఉంది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పనిలోంచి వచ్చింది. చూస్తే కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్లే: స్టాపులు ఒకదానిలో, రూట్లు ఒకదానిలో, ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి వస్తుందో ఇంకొకదానిలో. రాత్రి 11:30కి బయల్దేరిన బస్సు తెల్లవారుజామున 1:10కి చేరితే అందులో 25:10 అని రాస్తారు. అది తెలియనివాళ్లు తప్పనుకుని దిద్దేస్తారు, ట్రిప్పు మొత్తం చెడిపోతుంది. ఇలాంటివి తెలిసినవాళ్లకే జీతం.

2018లో కొచ్చి మెట్రో తన డేటాను ఈ రూపంలో బయటపెట్టింది. అదే ఏడు ఢిల్లీ ప్రభుత్వం ట్రిపుల్‌ఐటీ ఢిల్లీతో కలిసి బస్సుల డేటా ఇవ్వడం మొదలుపెట్టింది. హైదరాబాద్ మెట్రో షెడ్యూలు తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతుంది. ముందు దాన్ని దించుకుని విప్పి చూడమనండి. తర్వాత ఏలూరు కొత్త బస్టాండు, పాత బస్టాండుల నుంచి వెళ్లే నాలుగైదు రూట్లకు తనే అలాంటి ఫైళ్లు తయారు చేయాలి. స్టాపుల అక్షాంశ రేఖాంశాలు ఫోనులోనే వస్తాయి. తప్పులు పట్టే వాలిడేటర్లూ ఉచితమే. ఎండలో కొంచెం తిరగాల్సి వస్తుంది, తిరగనివ్వండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఈ పని గురించే ఎక్కువసేపు మాట్లాడతారు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. జీఐఎస్ ఉద్యోగం పేరుతో దొరికే వాటిలో చాలా భాగం ఉపగ్రహ చిత్రాల మీద రోడ్లు, ఇళ్లు గీసే పని. జీతం తక్కువ, ఎదుగుదల నెమ్మది, పైగా ఆ పని ఇప్పుడు యంత్రాలే నేర్చేసుకుంటున్నాయి. అక్కడ ఇరుక్కోకూడదంటే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ల భాష) రావాలి. కాబట్టి మీరు చెబుతున్న సాఫ్ట్‌వేర్ ప్రిపరేషన్ వృథా కాదు. అమ్మాయితో ఈ విషయంలో గొడవ పడాల్సిన పనే లేదు, ఇద్దరు చెప్పేదీ సగం ఒకటే.

పై చదువు కావాలంటే జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఎంటెక్ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ జియో ఇంజనీరింగ్ విభాగాన్నీ, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లోని స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబునూ చూడండి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజనీరింగ్ (సర్వే, మ్యాపుల శాస్త్రం) అనే పేపరు పెట్టారు. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లూ గేట్ రాయవచ్చు. సివిల్‌తో పాటు దాన్నీ రాయడానికి కుదురుతుందో లేదో ఆ ఏటి బ్రోచర్‌లో చూసుకుని, దరఖాస్తు గడువు దాటకముందే నింపమనండి.