చింతపిక్కల పాఠం

విజయనగరం,
కార్తీక మాసం.

చిరంజీవి శైలజకు ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు, చక్కని చేతిరాత. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివి సంతోషించాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చుని, నీకు కోపం వచ్చేంతగా గీశాను. ఆ కాగితాలు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ఎందుకు గీశానో చెప్పకపోతే ముసలి మాస్టారి చాదస్తం అనుకుంటావు. కొంత చాదస్తం ఉన్నమాట నిజమే.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "జన్యువులు జీవితానికి నీలి నమూనా" అన్నావు. ఇంగ్లీషు "బ్లూప్రింట్"కు మక్కికి మక్కి. నరసన్నపేటలో మీ తాతగారికి ఈ వాక్యం చదివి వినిపించు. నీలిరంగు ఎందుకమ్మా అని ఆయన అడిగితే నీ దగ్గర జవాబుందా? ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ చేతిలో ఆయన చూసిన ప్లాను తెల్ల కాగితమే అయి ఉంటుంది. పైగా పోలికే తప్పు. ప్లానులో కిటికీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. జన్యువుల్లో ఎక్కడ వెతికినా ముక్కు బొమ్మ గీసి ఉండదు. ప్రొటీన్ అనే గొలుసులో ఏ పూస తర్వాత ఏ పూస గుచ్చాలో జన్యువు చెబుతుంది. ఎప్పుడు గుచ్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే భాగాలు దాని చుట్టుపక్కల ఉంటాయి. పోలిక తట్టనప్పుడు పోలిక లేకుండానే రాయి. అది చేసే పని చెప్పు.

రెండో పేజీలో "బలహీన జన్యువు" అన్న మాట ఐదుసార్లు వచ్చింది. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు, చాలామంది రాస్తున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే మంచి మాటలున్నాయి: బహిర్గతం, అంతర్గతం. ఒకటి పైకి కనబడేది, ఇంకొకటి లోపల ఉండిపోయేది. కాస్త బరువైన మాటలే గానీ అబద్ధం చెప్పవు. బలహీనం అంటే పాఠకుడు ఏమనుకుంటాడు? అది ఓడిపోయిందనీ, నాలుగు తరాలు గడిస్తే చచ్చిపోతుందనీ. మెండెల్ బటానీల్లో ముడతల గింజ ఒక తరమంతా కనబడకుండా పోయి, మరుసటి తరంలో చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. బలహీనమైతే అలా ఎలా వస్తుంది?

ఆ గింజ ఎందుకు ముడతలు పడుతుందో 1990లో తేలింది. పిండి పదార్థానికి కొమ్మలు వేసే ఒక ఎంజైమ్ ఉంది. దాని జన్యువులో ఎక్కడిదో ఒక ముక్క వచ్చి దూరింది. దాంతో ఎంజైమ్ తయారు కాదు, పిండి సరిగా ఏర్పడదు, చక్కెర చక్కెరగానే మిగిలిపోతుంది. చక్కెర నీటిని లాగుతుంది కాబట్టి పచ్చి గింజ ఉబ్బుతుంది. ఎండాక ఆ నీరు పోయి, సంచిలా ముడుచుకుంటుంది. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటాయి. వాటిలో ఒక్కటి బాగున్నా సరిపడా ఎంజైమ్ వస్తుంది, గింజ గుండ్రంగానే ఉంటుంది. ఇక్కడ బలాబలాల ప్రసక్తే లేదు. ఒక్క మంచి ప్రతి చేసే పని చాలుతోందా లేదా అన్నదే లెక్క. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి బద్ధకించి "బలహీన" అని రాస్తాం. ఆ మాట వెళ్లి ఏదో ఒక ఇంట్లో కోడలి నెత్తిన పడుతుంది. బిడ్డకు జబ్బు అనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎవరి వైపు నుంచి వచ్చింది?" కదా. హిమోగ్లోబిన్ తేడా వల్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ లాంటి జబ్బు విషయంలో దీనికి జవాబు ఒక్కటే: ఇద్దరి వైపు నుంచీ. ఆ వాక్యం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నేనే పక్కన రాసిపెట్టాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఐదో పేజీలో "తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే నలుగురు పిల్లల్లో ఒకరికి సికిల్ సెల్ వస్తుంది" అని రాశావు. (వాహకులు అంటే ఒక్క సికిల్ ప్రతి ఉండి, జబ్బు లేనివాళ్లు.) సరిగ్గా ఈ వాక్యమే ఇరవై రెండేళ్ల కింద నేనూ రాశాను, ఒక చిన్న పత్రికలో. అది అచ్చయిన కొన్నాళ్లకు ఏజెన్సీ నుంచి ఒకాయన కొడుకు రక్తపరీక్ష కోసం విజయనగరం వచ్చి, ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెద్దోడికి వచ్చింది కదా బాబూ, మిగిలిన ముగ్గురికీ భయం లేదన్నమాట" అన్నాడు. అప్పటికి ఆయనకు ఇద్దరే పిల్లలు. భార్యకు ఆరో నెల. నా వ్యాసం చదివి ధైర్యం తెచ్చుకున్న మనిషిని కూర్చోబెట్టి, ఆ ధైర్యం తప్పని చెప్పాల్సి వచ్చింది. ఎంత సేపు చెప్పినా నా మాటకంటే అచ్చు మాటే ఆయనకు గట్టిగా కనబడింది. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు.

ఆ రోజు నేను చేయాల్సిందేమిటో చాలాకాలానికి తట్టింది, మనవరాలు చింతపిక్కలతో ఆడుతుంటే. పిక్కను గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే తెల్లగా వస్తుంది, రెండోవైపు నల్లగా ఉంటుంది. అలాంటివి రెండు తీసుకో. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. తెలుపు సికిల్ ప్రతి, నలుపు మామూలు ప్రతి. రెండూ కలిపి వెయ్యి. రెండూ తెల్లగా పడితే జబ్బు, నాలుగింట ఒక వంతు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే బిడ్డ వాహకం, నాలుగింట రెండు వంతులు. రెండూ నలుపైతే ఏమీ లేదు, నాలుగింట ఒక వంతు. ఒక కాన్పు అంటే ఒక పందెం. పోయిన పందెంలో రెండూ తెల్లగా పడ్డాయన్న సంగతి పిక్కలకు గుర్తుండదు. మళ్లీ వేస్తే మళ్లీ నాలుగింట ఒకటే. (అరగదీసిన పిక్క సరిగ్గా సగం సగం పడదని వాదించకు. నాకూ తెలుసు.)

అందుకే మెండెల్ లెక్కలను కూడా "మూడుకు ఒకటి" అని నున్నగా చెప్పి వదిలేయకు. ఆయనకు మొత్తం మీద వచ్చినవి 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు. అంత పెద్ద రాశిలో కూడా సరిగ్గా మూడింతలు రాలేదు, దగ్గరకు వచ్చింది. విడివిడి మొక్కలు చూస్తే ఒకదానికి 19 గుండ్రం, 10 ముడత. ఇంకొకదానికి 28, 6. బటానీ మొక్కకే అంత అటూ ఇటూ అయితే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో లెక్క ఎలా కుదురుతుంది? ఈ రెండు మొక్కల అంకెలు ఇచ్చావంటే పాఠకుడికి సంభావ్యత మీద ఉపన్యాసం అక్కర్లేదు.

సికిల్ ప్రతి ఇంతకాలం ఎందుకు నిలిచిందో నువ్వు బాగానే రాశావు. ఒక్క ప్రతి ఉన్న పిల్లలకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది కాబట్టి, మలేరియా ఉన్న అడవుల్లో అది నిలబడింది. దాన్ని ఐదో పేజీ ముందుకు తీసుకురా. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలైందనీ, 2047 లక్ష్యమనీ రాశావు, సరే. కానీ "నిర్మూలన" పక్కన మనుషులు ఉన్నారన్నది మరిచిపోకు. పరీక్షలో వాహకమని తేలిన అమ్మాయి రోగి కాదు, ఆమెకు వైద్యం అక్కర్లేదు. పెళ్లికి ముందు అవతలి వ్యక్తి రక్తం కూడా చూసుకోవాలి, అంతే. ఇది పెద్ద అక్షరాల్లో వేయదగ్గ వాక్యం.

చికిత్స గురించి రాసినచోట మాత్రం తప్పు దొర్లింది. 2023 చివర్లో బ్రిటన్, తర్వాత అమెరికా అనుమతించిన, జన్యువును కత్తిరించే క్రిస్పర్ అనే చికిత్సలో "తప్పు అక్షరాన్ని దిద్దారు" అన్నావు. దిద్దలేదు. ఆ తప్పు అక్షరం అక్కడే ఉంది. కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గిపోయి పెద్దల రకం వస్తుంది. ఆ పాతదాన్ని అణచి ఉంచే జన్యువును రక్తం తయారుచేసే మూలకణాల్లో తగ్గించారు. దాంతో చిన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ మొదలైంది. విచిత్రమేమిటంటే మన ఆస్పత్రుల్లో ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర కూడా చాలావరకు ఇదే దారిలో పనిచేస్తుంది. కోట్ల రూపాయల వైద్యం, రోజూ మింగే మాత్ర ఒకే తాడును లాగుతున్నాయి. కథ అక్కడుంది, నువ్వు దాటిపోయావు.

మేనరికం మీద నీ పేజీ చదివి నవ్వుకున్నాను. "ఈ దురాచారాన్ని రూపుమాపాలి" అని ముగించావు. మీ మాస్టారి భార్య ఆయన మేనమామ కూతురే, తెలుసా? మా పిల్లలు బాగానే ఉన్నారు. దానివల్ల ఏమీ రుజువు కాదు, ఒక్క ఇల్లు ఎప్పుడూ రుజువు కాదు. మేనరికం జబ్బును పుట్టించదు. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే ప్రతిని ఒక్క బిడ్డలో కలిపే అవకాశం పెంచుతుంది. మేనమామను చేసుకుంటే, ఏ జన్యువునైనా తీసుకో, ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ప్రతి బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావనైతే పదహారింట ఒకటి. ఈ రెండు అంకెలూ ఇచ్చి ఊరుకో. తిట్టావంటే చదవాల్సినవాళ్లే కాగితం మడిచేస్తారు.

పంటల భాగం నీకు బాగా వచ్చింది, రైతు ఇంటి పిల్లవు కదా. ఒక్కటే అభ్యంతరం. స్వర్ణ సబ్-1 వరిని "జన్యుమార్పిడి పంట" అన్నావు. కాదు. మీ తాతగారు వేసే స్వర్ణ 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. దానికి ఒడిశా నాటు వరి నుంచి తీసిన ముంపును తట్టుకునే గుణాన్ని పుప్పొడి ద్వారానే ఎక్కించారు. మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలో మొలకల డీఎన్ఏ చూసి ఏవి ఉంచాలో ఎంచారు. ఆధునికం ఎంపికలో ఉంది, సంకరంలో లేదు. మామూలు వరి నీట మునిగితే తల పైకెత్తాలని పొడుగు సాగుతుంది, ఉన్న పిండినంతా ఖర్చు చేసుకుంటుంది, నీరు తీసేసరికి చాప చుట్టినట్టు పడిపోతుంది. ఇది సాగదు. రెండు వారాల దాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. వంశధార, నాగావళి వరదలు చూసినవాళ్లకు ఈ రెండు వాక్యాలు చాలు.

మన ఊళ్లోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. చంపావతి, వేగవతి, గోస్తని అని నదుల పేర్లు పెట్టిన రాగి వంగడాలు అక్కడివే. వాటిలో వేగవతి కిలో గింజలో 131.8 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నది. వచ్చినప్పుడు తీసుకెళతాను. రాగికి సంకరం చేయడం ఎంత కష్టమో అడుగు. మన వైపు చోళ్లు అంటాం కదా, ఆ కంకిలో పువ్వు ఎంత చిన్నదంటే పుప్పొడి తిత్తులు చేత్తో తీయడం నరకం, అదీగాక తనకు తానే ఫలదీకరణ చేసుకుంటుంది. పాతకాలం నుంచి ఒక ఉపాయం ఉంది: ఆకుపచ్చ మొక్క తల్లి, ఊదారంగు మొక్క తండ్రి. పూతకు ముందు రెండు కంకులూ కలిపి కట్టి సంచి తొడుగుతారు. తల్లి గింజలు నాటితే ఎక్కువ భాగం పచ్చగానే మొలుస్తాయి, అవి సొంత పుప్పొడివి. ఎక్కడో కొన్ని మొలకల్లో ఊదా జాడ కనబడుతుంది. ఊదా బహిర్గతం కాబట్టి అవే సంకరం. సూక్ష్మదర్శిని లేదు, పరీక్ష లేదు, కంటితో ఏరుకోవడమే. "బహిర్గతం" అన్న మాటకు అర్థం చెప్పడానికి దీనికంటే మంచి పొలం నీకు దొరకదు.

ఒక హెచ్చరిక. ఇనుము ఎక్కువున్న రాగులు "రక్తహీనతను పోగొడతాయి" అని రాసి, పక్క పేజీలోనే సికిల్ సెల్ రక్తహీనత గురించి రాశావు. రెండింటికీ ఒకే మాట. ఒకటి ఇనుము చాలక వచ్చేది, ఇంకొకటి పుట్టుకతో వచ్చేది. చోడి అంబలి తాగితే సికిల్ తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు. రెండు చోట్లా విడమరిచి చెప్పు.

చివరి పేజీలో ఉద్దానం కిడ్నీ జబ్బును వంశపారంపర్య వ్యాధుల జాబితాలో కలిపావు. ఆ పేరా మొత్తం కొట్టేశాను. కవిటిలోనో సోంపేటలోనో ఒకే ఇంట్లో ముగ్గురు పడిపోయారంటే ఆ ముగ్గురూ ఒకే బావి నీళ్లు తాగారు, ఒకే తోటలో, ఒకే ఎండలో పనిచేశారు కూడా. ఇంట్లో నడిచే జబ్బు వేరు, రక్తంలో నడిచే జబ్బు వేరు. దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తేలకముందే వంశం మీద వేశావంటే అక్కడి పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి.

రెండు, ఐదు, చివరి పేజీలు మళ్లీ రాయి, మిగతావాటిలో గీసినచోట్ల మాత్రం దిద్దు. సంక్రాంతికి ఊరు వస్తావు కదా, ఒక పూట ఇటు రా. మీ పెరట్లో చింతచెట్టు ఉందని ఎప్పుడో రాశావు, నాలుగు పిక్కలు తెచ్చుకో. అరగదీయడానికి మా వీధి గచ్చు ఉంది.

మీ తాతగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మాస్టారు