తుంటి ఆపరేషన్‌కి ముందు మేనల్లుడికి

నాన్నా,

తుంటి మార్పిడి చేయించుకుంటున్నావని, అదీ రోబోతో అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే కళ్లు చెమ్మగిల్లాయి. నలభై ఆరేళ్లకే నీకీ కష్టమేమిటని కొంత, ఇన్నాళ్లకు ధైర్యం చేశావని కొంత. కోవిడ్ అప్పుడు స్టెరాయిడ్లు నీ ప్రాణం నిలబెట్టాయి. తర్వాతేమో వాటివల్లే తొడ ఎముక తలకి రక్తం అందక అది అణిగిపోయింది. మాత్రలు మింగుతూ, కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్లావే గానీ, ఆపరేషన్ మాటెత్తితే "చూద్దాంలే అత్తా" అనేవాడివి. ఇప్పుడు నీ అంతట నువ్వే డేట్ తీసుకున్నావంటే గర్వంగా ఉంది.

కానీ "రోబో చేస్తుంది కాబట్టి జాగ్రత్తలేం అక్కర్లేదు" అన్నావట. ఎవరు చెప్పార్రా నీకు? ఎముకల వార్డులో నర్సుగా జీవితం గడిపినదాన్ని, ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్రపట్టడం లేదు.

రోబో ఏం చేస్తుందో విను. ముందు సీటీ స్కాన్ తీసి నీ తుంటి బొమ్మని కంప్యూటర్లో తయారుచేస్తారు. కొత్త కీలులో బంతి తిరిగే గిన్నె ఏ కోణంలో కూర్చోవాలి, రెండు కాళ్ల పొడవూ ఎలా సమానం కావాలి అన్నది ముందే లెక్కవేసుకుంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మిషన్లలో, ఎముక అరగదీసేటప్పుడు పరికరం పట్టుకునేది డాక్టరే. అనుకున్న హద్దు దాటబోతే రోబో చెయ్యి ఆపుతుంది. కోసేదీ కుట్టేదీ కూడా డాక్టరే. మనుషుల మీద రోబోతో తుంటి ఆపరేషన్ మొదలైంది 1992లో, అమెరికాలో. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1962లో, ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల డాక్టరు తుంటి మార్పిడికి ఒక కుదురైన పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిలో చేత్తో వేసిన కీళ్లు పాతికేళ్లు దాటి పనిచేసినవి ఉన్నాయి. అందుకని మిషన్ పేరు చూసి మురిసిపోకు. ఆ డాక్టరు ఏడాదికి ఎన్ని తుంట్లు మారుస్తారో మొహమాటపడకుండా అడుగు.

మీ మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఆయనకి ఆపరేషన్ చేసింది మంచి డాక్టరే. ఎక్స్‌రే చూసి నేనే ముచ్చటపడ్డాను. అయిదో వారానికి నొప్పి లేదని కర్ర పక్కన పడేశారు. ఆ నొప్పి లేకపోవడమే ముప్పు తెచ్చింది. సరిగ్గా అప్పుడే మీ వదిన పెళ్లి. కుర్చీలో కూర్చుని కాళ్లు కడగొచ్చని పంతులుగారిని కూడా ఒప్పించాను. "కన్నబిడ్డ కన్యాదానం కుర్చీలో కూర్చుని చేస్తానా!" అని నా మీద గయ్యిమన్నారు. ఆ పీట జానెడు ఎత్తు కూడా లేదు. ఎలాగో కూర్చున్నారు, తంతు అయింది. లేవడానికి ముందుకు వంగి, అరచెయ్యి నేలకి ఆనించి, ఒక పక్కకి తిరిగారు. టక్కుమని చప్పుడు. మేళం హోరులో ఎవరికీ వినపడలేదు, పక్కనున్న నాకు వినపడింది. చూస్తే కాలు పొట్టిగా అయిపోయి, పాదం లోపలికి తిరిగి ఉంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. బంతి గిన్నెలోంచి వెనక్కి జారిపోయింది. ఆ పట్టుపంచెతోనే అంబులెన్స్ ఎక్కించాం. అప్పగింతలు మీ నాన్న చేశాడు. మత్తిచ్చి, కాలు లాగి, కీలుని మళ్లీ కూర్చోబెట్టారు. మళ్లీ కొయ్యకుండా బయటపడ్డాం గానీ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ సోఫాలో కూర్చోవాలన్నా నా వంక చూసి కూర్చునేవారు. కూతురి అప్పగింతలు చూడలేదన్న దిగులూ పోలేదు.

గిన్నె కోణం బాగానే ఉందిరా ఆయనకి. కోసి కుట్టిన కండరాలు, కీలు చుట్టూ ఉండే పొర ఇంకా గట్టిపడలేదు, అంతే. నీ రోబో గిన్నెని ఇంకా కచ్చితంగా పెట్టొచ్చు. ఆ కండరాలని ఒక్కరోజు ముందు కూడా అతికించలేదు.

అందుకే తుంటిని వెనకనుంచి తెరుస్తారా, ముందునుంచా అని డాక్టర్ని అడుగు. వెనకనుంచి అయితే మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు. ముందునుంచి అయితే జాగ్రత్తలు వేరు, అడిగి కాగితం మీద రాయించుకో. ఎవరి పెళ్లయినా సరే, కింద కూర్చుంటే నేను ఒప్పుకోను.

షుగర్ అదుపులో పెట్టుకో. పాదాలు పైకీ కిందకీ ఆడించడం మంచం మీదే మొదలుపెట్టు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు మానకు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కుట్ల దగ్గర చెమ్మ కనిపిస్తే మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని వేసుకోవద్దు, నీకు దణ్ణం పెడతాను.

కేసుషీటులో అతికించే ఇంప్లాంట్ స్టిక్కర్, అంటే నీకు వేసిన కీలు వివరాలుండే చీటీ, దాని కాపీ అడిగి తీసుకో. 2010లో ఒక పెద్ద కంపెనీ తుంటి కీళ్లని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో అవి వేయించుకున్న చాలామంది ఆచూకీయే దొరకలేదు.

కమోడ్ కుర్చీ నా దగ్గరుంది, కొనకు. మీ ఇండియన్ టాయిలెట్ వైపు వెళ్లావంటే ఊరుకోను. ముందురోజు సాయంత్రానికి వచ్చేస్తాను. ఆరు వారాలు అక్కడే ఉంటాను, కోడలుపిల్ల సెలవులు తగలెయ్యనక్కర్లేదు. నీ పుచ్చుపన్ను అలాగే ఉందని మీ అమ్మ అంది. నోట్లో చీము ఉంటే అందులోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలుకి చేరొచ్చు. ఈ వారంలోనే డెంటిస్టుకి చూపించుకుని నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త