టాకీలు వచ్చాక కూడా లారెల్, హార్డీ ఎలా నవ్వించగలిగారు?

మూకీల్లో వెలిగిన చాలామంది హాస్యనటులు టాకీలు రాగానే వెనకబడ్డారు. లారెల్, హార్డీ మాత్రం నిలబడ్డారు. శబ్దాన్ని డైలాగులకే వదిలేయకుండా నవ్వు పుట్టించడానికి వాడుకోవడమే దానికి కారణమని నా అభిప్రాయం.

1932లో వచ్చిన ‘ది మ్యూజిక్ బాక్స్’ చూడండి. ఇద్దరూ కలిసి ఒక పియానోని పొడవాటి మెట్ల మీదుగా పైనున్న ఇంటికి చేర్చాలి. అది చేయి జారి కిందికి దొర్లిన ప్రతిసారీ చెక్కపెట్టె లోపల తీగలు గణగణమంటాయి. పియానో కనిపించదు, దాని ఏడుపు మాత్రం వినిపిస్తుంది! మూకీలో ఈ నవ్వు పుట్టేదే కాదు. ఇక హార్డీ కెమెరా వైపు నిస్సహాయంగా చూసే చూపుకి మాటలే అక్కర్లేదు.

అరగంట నిడివి ఉన్న ఈ సినిమాకి లఘు హాస్యచిత్రాల విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ దక్కింది. ఆ మెట్లు లాస్ ఏంజెలెస్‌లో ఇప్పటికీ ఉన్నాయి.