పందికొక్కు కొరికిన బొప్పాయి బతుకుతుంది, ముందు అంట్ల నీళ్లు ఆపండి

పెరట్లో బొప్పాయి చెట్టు మొదలు పందికొక్కు కొరికేసిందని, ఆ చోట కాండం మెత్తబడి కుళ్లుతోందని, ఇంట్లో అందరూ కొట్టేయమంటున్నారని రాశారు. బతికించుకునే దారి ఉందా అని అడిగారు. ఉందండి. మొదలు చుట్టూ బొటనవేలితో నొక్కి చూడండి. సగానికి పైగా గట్టిగా ఉంటే ఎవరు చెప్పినా కొట్టేయకండి. మాది పోయిన సెప్టెంబరులో సరిగ్గా మీరు చెప్పిన స్థితిలోనే ఉంది. సంక్రాంతికి దాని పండ్లు తిన్నాం.

అయితే ముందు నేను ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో అంట్లు తోమిన నీళ్లు ఎటు పోతున్నాయి? బొప్పాయి పాదులోకేనా? నాకు తెలిసి నూటికి తొంభై ఇళ్లలో అంతే. మన అమ్మమ్మల కాలం నుంచీ అంట్ల నీళ్లు అరటికీ, బొప్పాయికీ వదలడం అలవాటు. అరటి తట్టుకుంటుంది, దానికి తడి ఇష్టం. బొప్పాయి తట్టుకోదు. మనం చెట్టు అంటాం గానీ దానికి చేవ ఎక్కడుంది? లోపల బోలు, చుట్టూ మెత్తటి కండ. వేళ్లు పైపైనే ఉంటాయి. పాదులో రెండు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, వేళ్లకి ఊపిరాడక చెట్టు వాలిపోతుంది. పైగా ఆ నీళ్లతో పాటు మెతుకులు, కూర ముక్కలు, జిడ్డు అన్నీ వెళ్లి అక్కడ చేరతాయి. మెతుకుల కోసం పందికొక్కు వస్తుంది, తడికి కుళ్లు వస్తుంది. ఎలుకల మందు ఒక షాపులో, కుళ్లు మందు ఇంకో షాపులో కొంటాం గానీ, రెండిటినీ రోజూ పిలిచి పెడుతున్నది మన అంట్ల గచ్చే.

మాది తణుకు. వీధి దాటితే వరిచేలు, పక్కనే పంట కాలువ. కోతలయ్యాక చేలల్లో తిండి దొరక్క ఎలుకలన్నీ ఇళ్ల మీద పడడం మాకు ఏటా ఉన్నదే. పందికొక్కులు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. నా బొప్పాయి తైవాన్ రెడ్ లేడీ రకం, నర్సరీలో నారు తెచ్చి పెట్టాను. పదకొండు నెలల చెట్టు, 38 కాయలు. రోజూ పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టుకునేదాన్ని, అందుకే సంఖ్య అంత కచ్చితంగా చెబుతున్నాను. సెప్టెంబరులో ముసురు పట్టి నాలుగు రోజులు వాన వదల్లేదు. ఐదో రోజు చూస్తే కింది ఆకులు రెండు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. ముదురాకులు రాలడం మామూలే కదా అనుకుని వదిలేశాను. మర్నాటికి ఇంకో నాలుగు. అప్పుడు వంగి మొదలు చూశాను.

నేలకి జానెడు ఎత్తులో నా అరచేయి అంత మేర తడిసిన అట్టలాగా గోధుమ రంగుకి తిరిగింది. నొక్కితే వేలు గోరు దాకా దిగిపోయింది. పులిసిన గంజి వాసన. ఆ మచ్చకి ఒక అంచున జంట గీతలు, పక్కపక్కనే, ఉలితో గీసినట్టు. అవి పళ్ల గాట్లు. గాటు పడ్డ చోటి నుంచి నీరు దిగి, అక్కణ్నుంచి కుళ్లు మొదలై కిందికీ పక్కకీ పాకింది. చెట్టు వెనక్కి వెళ్లి చూస్తే కన్నం, దాని ముందు కొత్తగా తోడిన మట్టి కుప్ప. ఆ మట్టిలో అన్నం మెతుకులు, కొబ్బరి చిప్ప ముక్క, మా అంట్ల సబ్బు సగం ముక్క కనిపించాయి. సబ్బు మీద కూడా అవే జంట గాట్లు. నాకు అప్పుడే అర్థమైంది, ఇది నా గచ్చు నుంచి వచ్చిన గొడవ అని.

అత్తయ్యగారు చూసి, "కాయలతో సహా పక్కింటి గోడ మీద పడుతుంది, కొట్టించెయ్ అమ్మా" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. మా ఇంట్లో కొబ్బరికాయలు దింపే మావయ్య ఆ రోజే వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి చూసి ఒకే మాట అన్నాడు: "ముందు పోటు పెట్టు, తరవాత కత్తి పెట్టు." పోటు అంటే చెట్టు ఒరగకుండా ఆనించే కర్ర. ఆ మాట వల్లే చెట్టు దక్కిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. కుళ్లింది చెక్కేస్తే మొదలు బలం ఇంకా తగ్గుతుంది, పైన బరువు అలాగే ఉంటుంది. అందుకే ముందు 20 పచ్చికాయలు కోసేశాం. వీధంతా ఆ వారం పెసరపప్పు వేసి బొప్పాయి కూర వండుకున్నారు. రెండు వెదుళ్లు తెచ్చి, పాత చీర మడతపెట్టి కాండానికి ఆనించి, రెండు వైపులా పోటు పెట్టాం. మా ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

కూరగాయల కత్తిని మంట మీద కాల్చి చెక్కడం మొదలుపెట్టాను. కుళ్లిన కండ పీచులు పీచులుగా ఊడి వచ్చింది. ఎక్కడ ఆపాలో మీకు చెట్టే చెబుతుంది. గోధుమ రంగు పోయి తెల్లటి కండ వచ్చి, దాని మీద చుక్క చుక్కగా పాలు ఊరితే అది బతికున్న చోటు. పాలు రాకపోతే ఇంకా చెక్కాలి. ఒక చోట బోలు దాకా వెళ్లిపోతానేమో అని టెన్షన్ పడ్డాను, పలచటి పొర మిగిలింది. అంతా అయ్యేసరికి రెండు అరచేతులంత గాయం. చేతికి తొడుగులు వేసుకోండి. నేను వేసుకోలేదు, ఆ పాలు తగిలి మణికట్టు రెండు రోజులు మండింది. తొడుగులకి ఇంకో కారణం కూడా ఉంది. ఎలుకలు తిరిగిన బురదలో వాటి మూత్రం ఉంటుంది, వానాకాలంలో చేతి పుండ్ల నుంచి, కాళ్ల పగుళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం రావచ్చు. చెప్పుల్లేకుండా ఆ పాదులోకి దిగకండి.

చెక్కిన ముక్కలు అక్కడే వదలకూడదు, దూరంగా పారేయాలి. గాయం మీద వాన పడకుండా పట్టా కట్టి ఒక రోజు ఆరనిచ్చాం. తర్వాత బోర్డో పేస్టు పూశాను. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే విడివిడిగా కలిపి, ఆ తర్వాత ఒక దాంట్లో ఒకటి పోయాలి. ఇనుప బకెట్ వద్దు. కలిశాక శుభ్రమైన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీయండి. కత్తి మీద రాగి రంగు పూత పడితే తుత్తం ఘాటు ఇంకా ఉన్నట్టు, మరి కాస్త సున్నం కలపాలి. ఆ ఘాటుతో పూస్తే బతికున్న కండ కూడా మాడిపోతుంది. మా మొదటి ముంపులో కత్తి ఎర్రబడింది, రెండు చెంచాల సున్నం వేశాక తేటపడింది. ఈ మందు పుట్టుక కూడా దొంగల వల్లేనట. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్ష తినకుండా రోడ్డు పక్క తీగల మీద తుత్తం, సున్నం చల్లేవాళ్లు. ఆ తీగలకే తెగులు రావట్లేదని మిలార్డే అనే ప్రొఫెసర్ గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. ఇంతకాలం తర్వాత కూడా నేను నమ్మే మందు అదే. యూట్యూబ్‌లో పసుపు పూయండి, దాల్చినచెక్క పొడి చల్లండి అని చెప్పేవాళ్ల మాట విని మొదటి రెండు రోజులు పోగొట్టుకోకండి. ఈ కుళ్లు బొప్పాయిలో రోజుల లెక్కన పాకుతుంది.

మొదటి చుట్టూ తడిసిన మట్టి తీసేసి, ఇసుక కలిపిన పొడి మట్టి వేసి, నీరు బయటికి జారేలా ఏటవాలు చేశాం. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి మొదటి చుట్టూ నేల తడిసేలా పోశాను. పదిహేను రోజులు ఆగి, పశువుల ఎరువులో గుప్పెడు వేపపిండి, కుళ్లు బూజుని అణిచే ట్రైకోడెర్మా పొడి కలిపి వేశాను. రెండూ ఒకేసారి వేయకండి. రాగి మందు ట్రైకోడెర్మాని దెబ్బతీయొచ్చు, అదీ ఒక బూజే కదా.

ఇక పందికొక్కు. సాయంత్రం పెరట్లో ఉన్న మూడు కన్నాలూ తడి మట్టితో మూసేశాను. పొద్దున్నకి ఒకటే మళ్లీ తెరుచుకుంది. అంటే అందులోనే కాపురం. ఇనప బోను దాని దారిలో పెట్టాను, కానీ మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా తాడుతో కట్టేసి, లోపల ఎండు చేప ముక్క పెట్టాను. కొత్త వస్తువు చూస్తే అది అనుమానిస్తుంది, రెండు రోజులు క్షేమంగా తిని వెళ్తే మూడో రోజు ధైర్యంగా వస్తుంది. నాలుగో రాత్రి రెండింటికి చప్పుడైంది. టార్చి వేసి చూస్తే పిల్లి పిల్ల అంత ఉంది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడిచి, అచ్చం పందిలాగా గుర్రుమంటోంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఎంత బాగా చూసి పెట్టారో! ఇంగ్లీషులో దాన్ని బ్యాండికూట్ అంటారు, అది మన పందికొక్కు మాటే. చేలల్లో ఎలుకలు పట్టే ఆయన పొద్దున్నే వచ్చి బోనుతో సహా తీసుకెళ్లాడు.

మందు ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. నేను పెట్టను, మిమ్మల్నీ పెట్టవద్దని బతిమాలుతున్నాను. బ్రోమడయోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా బయట తిరుగుతుంది. దాన్ని తిన్న పిల్లికి, గుడ్లగూబకి కూడా ఆ విషం ఎక్కుతుంది. మా వీధిలో ఒకరు మందు పెట్టిన వారానికి, నేను మూడేళ్లు పాలు పోసిన బూడిద రంగు పిల్లి మా మెట్ల మీద ముక్కు నుంచి రక్తం కారుతూ చచ్చిపోయింది. విటమిన్ కె సూది పడితే బతికేదట, ఆదివారం డాక్టర్ దొరకలేదు. ఎలుకలకి పెట్టే పసుపు భాస్వరం పేస్టు అయితే ఇంట్లోకే తేవద్దు. దానికి విరుగుడు లేదు, కాలేయాన్ని పాడుచేస్తుంది. చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో, కోపంలో ఏదో ఒకటి చేసుకునే వయసు పిల్లలు ఉన్న ఇళ్లలో ఆ గొట్టం అందుబాటులో ఉండడం ఎంత ప్రమాదమో బడిలో పనిచేసే నాకు తెలుసు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చాలా రోజులుగా మనసులో ఉంది. డెంగీ రోజుల్లో బొప్పాయి ఆకు రసం అంటూ వీధిలో వాళ్లందరూ మా చెట్టు మీద పడతారు. కాదనలేం, జ్వరం వచ్చిన ఇల్లు కదా. కానీ అడక్కుండా వచ్చి తొడిమలు మొదలంటా చీల్చుకుపోతారు. ఆ చీలిక కూడా గాయమే, అక్కణ్నుంచీ కుళ్లు దిగుతుంది. ఆకుల నీడ పోయి కాయలు ఎండకి మాడిపోతాయి. ఆకు కావాలంటే కాండానికి నాలుగు వేళ్లు వదిలి తొడిమని కత్తితో కోయండి, మిగిలిన ముక్క ఎండి దానంతటదే రాలుతుంది. ముందు మాత్రం ఆసుపత్రికి వెళ్లి రక్తం చూపించుకోండి. రసం తాగి ఇంట్లో పడుకుంటే కుదరదు.

మా చెట్టు నెల రోజులు కదలకుండా అలాగే నిలబడింది. అక్టోబరు చివర్లో కొత్త చిగురు వేసింది. గాయం అంచులు గట్టిపడి లోపలికి మడుచుకున్నాయి, ఇప్పుడు ఆ చోట చిన్న గిన్నె పట్టేంత గుంట ఉంది. మిగిలిన 18 కాయల్లో 14 పండాయి. వెదుళ్లు ఇంకా తీయలేదు. మొదటి చుట్టూ అరంగుళం కన్నాల ఇనప వల అడుగు లోతుకి దింపి, అడుగున బయటికి వంచి పాతాం. తవ్వుకుంటూ వచ్చేది అక్కడ ఆగిపోతుంది. నీళ్లు ఇప్పుడు మొదటికి పోయను. మూడడుగుల దూరంలో గుండ్రంగా కాలువ తీసి అందులో పోస్తాను, వేళ్లే వెతుక్కుంటాయి. అంట్ల గచ్చుకి జల్లెడ పెట్టించి, గొట్టం అరటి వైపు తిప్పించాం. ప్లంబర్‌కి, సామానుకి కలిపి 900 అయింది. మొదట్లో అత్తయ్యగారు అలవాటు కొద్దీ చెంబెడు నీళ్లు బొప్పాయి మొదట్లోనే పోసేవారు. ఇప్పుడు ఆవిడే జల్లెడలో మెతుకులు ఎత్తి కాకులకి గోడ మీద పెడుతున్నారు, పొద్దుపోకముందే.

మీరు ఈ సాయంత్రమే నొక్కి చూసి, మెత్తదనం చుట్టూ ఎంత మేర ఉందో, చెట్టు మీద ఎన్ని కాయలున్నాయో రాయండి. కాయలు 20 దాటితే ఎదురుచూడకుండా ముందు పోటు పెట్టేయండి.