టేక్ అంటే ఒక్క తీసుకొనుడేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల మూడు ఒకే మాట చుట్టూ తిరుగుతున్నయి, ఇంగ్లీష్‌ల టేక్. అది టర్కీ భాషల ఏమైతది అని అడిగిన్రు. ఒకరు చదువుకునే పిల్ల, ఒకరు వరంగల్ కొత్తవాడ వ్యాపారి, ఒకరు దోహాల పనిచేసే తమ్ముడు. అందరియి ఒక్కకాడ పెట్టి జవాబిస్తున్న, మధ్యల ఇంకో రెండు ప్రశ్నలు కూడ ఉన్నయి.

ప్రశ్న: సార్, నేను ఫోన్‌ల టర్కీ సీరియళ్లు చూసుకుంట ఆ భాష మీద ఇష్టం పెంచుకున్న. ఒక యాప్‌ల ఇంగ్లీష్ మీదికెళ్లి నేర్చుకుంటున్న. ఇజ్మీర్‌ల ఒక ఫ్రెండ్ అయింది, రోజు చాట్ చేస్తం. రేపు బస్సుకు వరంగల్ పోత అని చెప్దామని, టేక్ అంటే అల్మాక్ అని యాప్‌ల ఉంటె, "యారిన్ ఒతొబుస్ ఆలాజాఉమ్" అని రాసిన. ఆమె "బస్సు కొంటున్నవా, మీకు ట్రావెల్స్ ఉన్నదా" అని అడిగింది. నేనేం తప్పు రాసిన?
– డిగ్రీ సెకండియర్, నర్సంపేట

జవాబు: చెల్లె, నీ గ్రామర్ మంచిగనే ఉన్నది, కాలం, ప్రత్యయం అన్నీ సరిగ్గనే పెట్టినవు. తొవ్వ తప్పింది ఎక్కడంటే ఇంగ్లీష్ మీదికెళ్లి పోయినకాడ. అల్మాక్ అంటే తీసుకొనుడు, కొనుడు రెండూను. మనం గూడ అంతే కదా, బతుకమ్మ పండుగకు చీర తీసుకున్న అంటే కొన్ననే అర్థం, ఎవ్వరు గూడ ఎవరి చేతులకెళ్లి తీసుకున్నవ్ అని అడగరు. మరి రేపు బస్సు తీసుకుంట అని నువ్వు మీ అమ్మతోని అని చూడు, ఆమె గూడ పైసలెక్కడియి అనే అడుగుతది. నువ్వు తెలుగుల ఏమంటవ్, బస్సు ఎక్కుత అంటవ్. వాళ్లకు ఎక్కుడు అంటే బిన్మెక్. "ఒతొబుసె బినెజెయిమ్" అని రాయాలె. చివర ఆ ఎ వచ్చింది చూసినవా, అది మన కు లెక్క, వాళ్లు బస్సుకు ఎక్కుత అంటరు, ఆ ఒక్కటే తేడా. దిగుడు అంటే ఇన్మెక్. వాళ్ల ఊర్లల్ల మన షేర్ ఆటోల లెక్క దొల్ముష్ అని చిన్న బండ్లు తిరుగుతయి, దిగేకాడ లోపలికెళ్లి "ఇనెజెక్ వార్" అని ఒర్లుతరు. మాటకు మాట చెప్తె "దిగేటోళ్లు ఉన్నరు". హన్మకొండ చౌరస్తా దగ్గర ఆటోల మనం అనేది ఇదే మాట. దీన్ని ఇంగ్లీష్‌లకు మార్చి మళ్ల టర్కిష్‌లకు మార్చుకుంటె ఎంత సుట్టు తిరుగుడో చూడు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే, టేక్ అనే మాటను పక్కన పెట్టి ముందు తెలుగుల వాక్యం రాసుకో, తెలుగుల ఏ క్రియ వచ్చిందో దానికి టర్కిష్ వెతుకు. వరంగల్ పోవుడుకు గంట పడ్తది, ఇంగ్లీష్‌ల ఇది గూడ టేకే, మనకు పట్టుడు, వాళ్లకు సుర్మెక్. పరీక్ష మనం రాస్తం, వాళ్లు పరీక్షకు లోపలికి పోతరు, సినావా గిర్మెక్ అంటరు. ఇంట్లకు పోయినంక చెప్పులు విడుస్తం, వాళ్లు గూడ విడిచే లోపలికి పోతరు, దానికి చికార్మాక్. గోలీ మనం వేసుకుంటం, వాళ్లు ఇలాచ్ ఇచ్మెక్ అంటరు, అంటే మందు తాగుడు, గోలీ అయినా సరే తాగుడే. ఇక్కడ జర పైలం, దీన్ని తెలుగులకు తెచ్చి మందు తాగిండు అంటె మన దగ్గర వేరే కథ అయితది. సిగరెట్ మాత్రం వాళ్లు గూడ తాగుతరు, ఇచ్మెక్కే.

ఇగ అన్నిట్ల నాకు బాగ నచ్చేది ఫోటో. ఇంగ్లీషోళ్లు ఫోటో టేక్ చేస్తరు. మనం తీస్తం. టర్కీల చెక్మెక్, అసలు అర్థం గుంజుడు. ఈ చెక్మెక్ ఎక్కడెక్కడ వస్తదో నోట్‌బుక్‌ల ఒక పేజీ పెట్టి రాసుకో, పక్కన తెలుగు రాయి. సినిమా తీసుడు చెక్మెక్, జిరాక్స్ తీసుడు చెక్మెక్, దవాఖానల ఎక్స్‌రే తీసుడు చెక్మెక్, ఏటీఎంల పైసలు తీసుడు పారా చెక్మెక్, పన్ను తీసుడు దిష్ చెక్మెక్, లక్కీ డ్రా తీసుడు కురా చెక్మెక్. ఇంగ్లీష్‌ల చూస్తె ఇండ్ల టేక్ ఉన్నది, మేక్ ఉన్నది, విత్‌డ్రా ఉన్నది, పుల్ ఉన్నది, డ్రా ఉన్నది, ఐదారు మాటలకు పోయింది. మనకు వాళ్లకు ఒక్క మాటల అయిపోయింది. బావిల నీళ్లు చేదుడు గూడ వాళ్లకు చెక్మెక్కే, అక్కడ మనం వేరే మాట వాడ్తం. ఇంకా ఒకటి, పిల్లగాడు తండ్రి పోలిక అని చెప్పుడుకు "బాబాసినా చెక్మిష్" అంటరు, తండ్రి దిక్కు గుంజిండు అన్నట్టు. ఇంగ్లీష్‌ల దీనికి గూడ టేక్ ఆఫ్టర్ అని టేకే వస్తది. ఆ చివర మిష్ అనేది మన అట లాంటిది, కండ్లార చూడకుంట వేరేటోళ్లు చెప్తె తెలిసిందో, గుర్తులను చూసి అనుకున్నదో చెప్పుడుకు వాడ్తరు. గెల్మిష్ అంటే వచ్చిండట. ఇంగ్లీష్‌ల ఇంత చిన్న మాటల ఇది చెప్పరాదు.

తీస్కపోవుడు గొతుర్మెక్, తీస్కొచ్చుడు గెతిర్మెక్. ఇవి రెండు కలగాపులగం చెయ్యకు. తీసుకుని పోయిండు అనుడుకు ఆలిప్ గిత్తి, ఆలిప్ అంటే తీసుకుని, గిత్తి అంటే పోయిండు, వరుస గూడ మనదే. టేక్ కేర్ అని నీ ఫ్రెండ్ చివరికి పెడ్తదేమో, వాళ్ల భాషల అది "కెందినె ఇయి బాక్", నిన్ను నువ్వు మంచిగ చూసుకో. బాక్మాక్ అంటే చూసుడు, పిల్లలను చూసుకొనుడు, ముసలోళ్లను చూసుకొనుడు గూడ అదే.

అన్ని కాడ తెలుగే కలుస్తది అని అనుకోకు. నిర్ణయం మనం తీసుకుంటం, వాళ్లు కారార్ వెర్మెక్ అంటరు, వెర్మెక్ అంటే ఇచ్చుడు. దూరం బస్సు చాయ్ కోసం ఆగితె మోలా వెర్మెక్, అది గూడ ఇచ్చుడే. స్నానం సంగతి వస్తె షవర్‌కు దుష్ అల్మాక్ అంటరు, అక్కడ ఇంగ్లీష్ తొవ్వే పనికొస్తది. ఊపిరి తీసుకొనుడు, పర్మిషన్ తీసుకొనుడు, అప్పు తీసుకొనుడు మూడూ అల్మాక్, మూడు భాషలల్ల ఒక్కటే. పెండ్లి ముచ్చటల్ల గూడ పిల్లనిచ్చుడు, పిల్లను తెచ్చుకొనుడు ఉన్నట్టే వాళ్లకు కిజ్ వెర్మెక్, కిజ్ అల్మాక్ అని ఉన్నయి, కిజ్ అంటే ఆడపిల్ల. సీరియళ్లల్ల పిల్లనడిగే సీన్ వచ్చినప్పుడు చెవి పెట్టి విను.

ప్రశ్న: ఇంగ్లీష్‌ల అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ఏది? స్కూల్ క్విజ్‌ల కొందరు సెట్ అన్నరు, కొందరు రన్ అన్నరు.
– టీచర్, పెద్దపల్లి

జవాబు: ఇద్దరూ కరెక్టే మేడం, ఏ కాలంది అడుగుతున్నరు అనేదాన్ని బట్టి ఉంటది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్‌ల సెట్‌కు 430 అర్థాలు ఇచ్చిన్రు, చాన ఏండ్లు అదే రికార్డ్. తర్వాత పీటర్ గిల్లివర్ అనే ఎడిటర్ నెలలకు నెలలు కూసుండి రన్ మీద పనిచేస్తె ఒక్క క్రియకే 645 అర్థాలు తేలినయని 2011ల బయటికొచ్చింది. మిషన్లు, కంపెనీలు, కంప్యూటర్లు వచ్చినంక అన్నీ రన్ అయినయి. టర్కిష్‌ల మనిషి ఉరుకుడు కొష్మాక్, మిషన్ నడుసుడు చాలిష్మాక్, దీని అసలర్థం పనిచేసుడు. మనం గూడ మోటర్ నడుస్తలేదు, పనిచేస్తలేదు అంటం గని ఉరుకుతలేదు అనం. పిల్లలకు క్విజ్‌ల పెట్టేటప్పుడు ఏండ్లు ఏసి అడుగున్రి, కొట్లాట ఉండది.

ప్రశ్న: నమస్తే. మాది కొత్తవాడ, జంపఖానాల వ్యాపారం. ఇస్తాంబుల్ నుంచి ఒక పార్టీ ఫోటోలు చూసి ఎన్ని దినాలు టేక్ అయితది, మేము యాభై టేక్ చేస్తం అని ఇంగ్లీష్‌ల రాసిండు. ఆయన భాషల నాలుగు ముక్కలు రాస్తె మర్యాదగ ఉంటదని మా కొడుకు అంటుండు. మన సరుకును కార్పెట్ అనాల్నా, ఏమనాలె?
– వరంగల్

జవాబు: అన్నా, మంచి ఆలోచన, మీ కొడుకు చెప్పినట్టే చెయ్యున్రి. ముందు సరుకు పేరు, ఎందుకంటె ఇక్కడ మాట తప్పితె ఆర్డరే తప్పుతది. టర్కీల రెండు వేరు వేరు మాటలున్నయి. ముడులు ఏసి బొచ్చు లేసినట్టు నేసేది హాలి, మనం తివాచీ అనేది. ముడి లేకుంట పడుగు పేకల మీదనే సాపుగ నేసేది కిలిమ్. మన జంపఖానా కిలిమ్ జాతి. వరంగల్ల రెండు పనులూ ఉన్నయి, 1851ల లండన్ ఎగ్జిబిషన్‌కు పోయింది ఇక్కడి తివాచీ, 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారిచ్చే ముద్ర, వచ్చింది జంపఖానాలకు. ఇంగ్లీష్‌ల కార్పెట్ అని రాస్తె ఆయన హాలి అనుకుంటడు, పెట్టె ఇప్పినంక పంచాయితి. అందుకని కిలిమ్ అని రాసి, పక్కన వరంగల్ దరీ అని పెట్టున్రి, జీఐ సంగతి గూడ ఒక వాక్యం రాయున్రి, ఆ కొనేటాయనకు అది విలువైన ముచ్చట.

ఇగ ఆయన రాసిన రెండు టేక్‌లు రెండు వేరే క్రియలు. యాభై తీసుకుంటం అనేది అల్మాక్, కొనుడు కాబట్టి. యాభై పీసులు అంటే "ఎల్లి తానె", తానె అంటే గింజ, దానా అనే ఫారసీ మాటే. దినాలు పట్టుడు సుర్మెక్. మీకు మూడు వారాలు పడ్తదనుకోండి, "ఉచ్ హఫ్తా సురెర్". ఉచ్ అంటే మూడు, హఫ్తా అంటే వారం, మనం రోజూ వాడే హఫ్తా మాటే. సు అనేటప్పుడు నాలుక సి అన్నట్టు పెట్టి పెదవులు గుండ్రంగ చెయ్యాలె, ఫోన్‌ల మాట్లాడితె పనికొస్తది. ఎక్కువ పడితె ఎక్కువే చెప్పున్రి అన్నా, మగ్గం మీద పని ఎంత మెల్లగ ఉంటదో నేసేటోళ్లకే ఎరుక, రంగు అద్దకం ఎండ మీద ఆధారపడితె ఆ దినాలు గూడ కలిపి రాయున్రి.

ప్రశ్న: టర్కీ భాష, తెలుగు చుట్టాలేనా? మా తమ్ముడు బెట్టు కట్టిండు.
– మహబూబాబాద్

జవాబు: చుట్టాలు కాదమ్మా. తెలుగు ద్రావిడ భాష, టర్కిష్ తుర్కిక్ కుటుంబం. 1856ల కాల్డ్‌వెల్ అనే మిషనరీ ద్రావిడ భాషల వ్యాకరణం రాసినప్పుడు ఆ దిక్కు భాషలతోని సంబంధం ఉన్నదేమో అని రాసిండు గని ఇప్పటి పండితులు ఒప్పుకోరు. క్రియ చివరికి వచ్చుడు, మాటకు మాట అతికించుకుంట పోవుడు రెండిట్ల ఉన్నది, అది పోలికే గని రక్తం కాదు. అరబ్బీ, ఫారసీ మాటలు మాత్రం రెండు దిక్కులా పోయినయి. నిజాం కాలంల ఉర్దూ మీదికెళ్లి మనకు కితాబు, దుకాణం, జవాబు, తారీఖు, ఖబర్ వచ్చినయి, వాళ్లకు కితాప్, దుక్యాన్, జెవాప్, తారిహ్, హాబెర్ ఉన్నయి. 1928ల వాళ్లు అరబ్బీ అక్షరాలు బంజేసి లాటిన్ అక్షరాలు పెట్టుకున్నరు, అందుకే చదివితె దొరకవు, వింటె దొరుకుతయి. ఇంకో సంగతి గూడ తమ్మునికి చెప్పున్రి. వరంగల్ ఆజంజాహి మిల్లు ఏ ఆజం జా పేరు మీద ఉండెనో, ఆ నిజాం కొడుకు 1931ల పెండ్లి చేసుకున్నది టర్కీని ఏలిన ఉస్మానియా వంశంల చివరి ఖలీఫా బిడ్డ దుర్రుషెహ్వార్‌ను. హైదరాబాద్ నీలోఫర్ దవాఖాన పేరు ఆయన తమ్ముని భార్యది, ఆమె గూడ ఉస్మానియా రాజవంశమే.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహాల బిల్డింగ్ పని చేస్త. మా ఫోర్‌మన్ టర్కీ ఆయన, ఇంగ్లీష్ ఆయనకు తక్కువే నాకు తక్కువే. అన్నిటికి టేక్, టేక్ అంటడు. ఒకసారి పట్టుకొమ్మని, ఒకసారి అటు కొంచపొమ్మని, ఒకసారి తీసెయ్యమని. వాళ్ల మాటలే నాలుగు చెప్పరాదె.
– దోహా

జవాబు: తమ్మీ, ఇది అందరికన్న ముందు నీకే కావాలె, సైట్ మీద తప్పు వింటె దెబ్బ తగుల్తది. వాళ్ల భాషల పని చెప్పుడు అల్కగ ఉంటది, మనం తే, పో, ఆగు అన్నట్టు ఒట్టి క్రియ అంటె చాలు. ఆల్ అంటే తీసుకో. తుత్ అంటే పట్టుకో. గెతిర్ అంటే పట్కరా. గొతుర్ అంటే కొంచపో. చికార్ అంటే తీసెయ్, బయటికి తియ్యి. కాల్దిర్ అంటే లేపు. బిరాక్ అంటే విడిచిపెట్టు. చెక్ అంటే గుంజు, ఇత్ అంటే నూకు. దుర్ అంటే ఆగు, ఇది వినపడంగనే కాలు చెయ్యి ఆపెయ్యాలె.

ముఖ్యమైంది ఇది. వద్దు అని చెప్పుడుకు ఇదే మాటకు చివర మా గని మె గని అతికిస్తరు. చెక్ అంటే గుంజు, చెక్మె అంటే గుంజకు. బిరాక్ అంటే విడువు, బిరాక్మా అంటే విడువకు. ఆ చివరి ముక్క మెల్లగ పలుకుతరు, ఒత్తు దాని ముందటి అక్షరం మీద పడ్తది, మిషన్ల సప్పుడుల ఆ మా, మె అసలే వినపడది. మనకు గూడ గుంజు, గుంజకు అంటె తేడా చివరనే ఉంటది గని మనం చిన్నప్పటి సంది వింటున్నం, పట్టేస్తం. నువ్వు ఆ చివరికోసం ప్రత్యేకంగ చెవి పెట్టు, సగం విని చెయ్యి పెట్టకు.

ఫోర్‌మన్‌ను ఉస్తా అని పిలువు, మన ఉస్తాద్ మాటే అది, పని తెలిసిన మేస్త్రీని అక్కడ గౌరవంగ అట్లనే పిలుస్తరు. వినపడకపోతె "ఎఫెందిమ్?" అను, ఏందన్నరు అని మర్యాదగ అడిగినట్టు. సమజ్ కాకపోతె "ఆన్లామాదిమ్, ఉస్తా" అను. క్రేన్ కింద గని, ఎత్తు మీద గని ఉన్నప్పుడు ఈ మాట అనుడుకు మొహమాటపడకు, చేత్తోని చూపించి చెప్పినంకనే పని పట్టు.